హల్వా డబ్బాలో రెండు దారాలు

ఫర్జానా చేతిలో సూది ఉన్నప్పుడు పలకరించి లాభం లేదు. ఊఁ అంటుంది గానీ, ఏమన్నామో అడిగితే చెప్పలేదు. మైదుకూరు దగ్గర దూదేకుల ఇంట్లో పుట్టింది. నాన్న దూది ఏకి పరుపు నింపి ఇస్తే పదేళ్ళ వయసులోనే అంచులు కుట్టేసేది. ఆ చెయ్యే ఇప్పుడు ఒమాన్‌లో, సూర్ పట్టణంలో, ఒక పెద్ద కుటుంబం పరువును మోస్తోంది. ఆ సంగతి ఆ గుమ్మం దాటి ఎవరికీ తెలియదు.

భర్త ఇంకో ఆమెతో బెంగళూరు వెళ్ళిపోయాక, ఏడేళ్ళ కొడుకు ఇమ్రాన్‌ను అక్క దగ్గర వదిలి, ఇక్కడికి ఇంటిపనికి వచ్చింది. పద్నాలుగేళ్ళవుతోంది. ఆ ఇంటి ముసలావిడను అందరూ జద్దా అంటారు, అంటే నాయనమ్మ. అక్కడి మగవాళ్ళు తెల్లటి పొడుగు అంగీ మీదికి గుండ్రటి టోపీ పెట్టుకుంటారు, దాన్ని కుమ్మా అంటారు. తెల్లగుడ్డకు సన్నటి చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లు అంచునూ రంగుదారంతో చుట్టి కుట్టాలి. ఒక టోపీకి అలాంటి చిల్లులు వందలకొద్దీ ఉంటాయి. జద్దా కుట్టిన కుమ్మా అంటే సూర్‌లో పెళ్ళికొడుకులు కళ్ళకద్దుకునేవారు. అలాంటి మనిషి చూపును షుగరు తినేసింది. ఒప్పుకుంటే ఆమె జద్దా ఎందుకవుతుంది? కుట్టు ఫర్జానాకు నేర్పింది. ఇప్పుడు కుట్టేది ఫర్జానా. జద్దా వేలితో తడిమి "ఇది వంకర, విప్పు" అంటుంది. చుట్టాలొచ్చి జద్దాను మెచ్చుకుంటుంటే ఫర్జానా వాళ్ళకు కాఫీ పోస్తుంది.

జద్దాకు టేపులూ అంకెలూ గిట్టవు. పెట్టుకునేవాడి తల చుట్టూ, చెవుల పైనుంచి దారం చుట్టి ముడి వేయడమే కొలత. ఫర్జానా చివరిసారి సెలవుకు వెళ్ళినప్పుడు ఇమ్రాన్ తలకు కూడా అలాగే దారం చుట్టి, సూదులు దాచుకునే పాత హల్వా డబ్బాలో వేసి తెచ్చుకుంది. వాడికీ ఒక కుమ్మా కుట్టాలని. అంతలో కరోనా వచ్చింది. తర్వాత జద్దా ఆసుపత్రి పాలయింది. ఆ తర్వాత ఇంట్లో కాన్పులు. ఎప్పుడూ ఎవరిదో ఒక టోపీ చేతిలో ఉండేది, కొడుకుది మొదలే కాలేదు. మనసు బాగాలేని రోజున ఆ దారం తీసి వేలికి చుట్టుకుని, మళ్ళీ డబ్బాలో పెట్టేది.

ఈ ఏడు జద్దా చివరి మనవడు రషీద్‌కు పెళ్ళి కుదిరింది. అతని తల కొలిచిన దారమూ ఆ డబ్బాలోకే వెళ్ళింది. ఫర్జానా గుడ్డ కత్తిరించి ఏడు నెలలు కుట్టింది. ఆ మధ్యలోనే మైదుకూరులో ఇమ్రాన్ నికా కూడా ఖాయమైంది. రషీద్ తల్లిని, అంటే ఇంటి యజమానురాలిని, పనివాళ్ళంతా మామా అంటారు. ఆవిడ సెలవిచ్చింది, టికెట్టు తీసింది. కుమ్మా అప్పగించి విమానం ఎక్కడమే తరువాయి.

నికాకు ఇంకా పదిహేను రోజులుందనగా ముక్కలు కలిపి కుట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి రషీద్‌కు ఇచ్చింది. అది అతని నడినెత్తి మీద బోర్లించిన గిన్నెలా నిలబడింది.

"జద్దా, నా తల పెరిగిందా ఏంటి?" అని రషీద్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. జద్దా డబ్బా తెప్పించుకుని రెండు దారాలనూ వేళ్ళతో సాగదీసింది.

"పెద్దది రషీద్‌ది. మరి ఇదెవరిది?"

"నా కొడుకుది" అంది ఫర్జానా. ఏడు నెలల కిందట కత్తెర పట్టుకున్నప్పుడు, చెయ్యి తనకు అలవాటైన దారాన్నే తీసింది.

బజారులో కొనుక్కుంటానన్నాడు రషీద్. జద్దా ఏడ్చింది. "మీ తాతా, నా ఐదుగురు కొడుకులూ నా చేతి కుమ్మాతోనే పెళ్ళి చేసుకున్నారు. ఆఖరివాణ్ణి అంగడి టోపీతో పంపమంటారా? ఊరంతా ఏమనుకుంటుంది?" మామా ఫర్జానా చెయ్యి పట్టుకుంది. రషీద్ పెళ్ళికి రెండు నెలలుంది, చిల్లులు తక్కువగా ఉండే రకం కుట్టు, ఇంటిపని ముట్టుకోవద్దు, పెళ్ళయిన మర్నాడే నిన్ను పంపిస్తాను అంది. మంచిగానే అంది. అరిచి ఉంటే ఫర్జానా కూడా తిరిగి ఒక మాట అనేదేమో! పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది, టికెట్టు మామా ఫోన్లో ఉంది, తప్పేమో తన చేతిలోనే జరిగింది. ఇక ఎవరిని తిట్టాలి?

కొడుక్కి ఫోన్ చేసింది. "తేదీ మారుస్తారేమో అడిగి చూడు నాయనా."

"పిల్ల వాళ్ళన్న కువైట్ పోతాండాడు మా. యాడ మారుస్తారు?" అన్నాడు ఇమ్రాన్. "నువ్వు రావని పెద్దమ్మ ముందే చెప్పింది లే."

ఆ మాటతో ఫర్జానా రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు మామా ఆ చిన్న కుమ్మాను ఆమె చేతిలో పెట్టి, నీ కొడుక్కి పంపించుకో అంది. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పక్కింట్లో పనిచేసే బద్వేలు రామసుబ్బమ్మ ఆ వారమే సెలవు మీద ఇంటికి బయల్దేరుతోంది.

"నలక్కుండా ఎత్తకపో అక్కా. ఇది వాని కొలతకే కుట్టినా. అల్లా వాని కోసమే నా చేత తప్పు చేయించినాడు."

"నా చీరల నడుమ పెట్టుకోని పోతాలే మే. మైదుకూర్లో దిగి వాని చేతికే ఇస్తా. నవాబు మాదిరి ఉంటాడు నీ కొడుకు."

నికా శుక్రవారం మధ్యాహ్నం. ఫర్జానా జద్దా పక్కన కొత్త కుమ్మా ఒళ్ళో పెట్టుకుని, ఫోన్‌ను హల్వా డబ్బాకు ఆనించి కూర్చుంది. ఇమ్రాన్ కనిపించాడు. ఒత్తుగా గడ్డం, అచ్చం తాత భుజాలు. తల్లి పంపిన కుమ్మా తీసి తల మీద పెట్టుకున్నాడు. అది నడినెత్తి దగ్గరే ఆగిపోయింది. రెండు చేతులతో అదిమాడు. దిగలేదు.

"చిన్నదైంది మా. ఎప్పటి కొలత ఇది?"

వాడికి పద్నాలుగేళ్ళున్నప్పటిది. ఫర్జానా ఇంతవరకూ ఆ లెక్క వేసుకోలేదు. రోజూ ఫోన్లో వాడి ముఖం చూస్తూనే ఉంది, అయినా వేలికి చుట్టుకున్న దారమే వాడి తల అనుకుంది.

"ఒక దారం తీసుకో నాయనా. చెవులపైన తల చుట్టూ చుట్టి ముడెయ్యి. రామసుబ్బమ్మక్క తెస్తుంది. మల్లా కుడతా."

"ఇప్పుడా మా? ఖాజీ వచ్చి కూచోనుండాడు."

వెనకనుంచి ఎవరో కుమ్మా తీసేసి వాడి నెత్తిన జేబురుమాలు కట్టారు. ఫోన్ ఇంకెవరి చేతికో మారింది. తర్వాత చాలాసేపు షామియానా గుడ్డ, తిరుగుతున్న ఫ్యానూ తప్ప ఏమీ కనిపించలేదు. ఖబూల్ అన్న మాట మాత్రం వినబడింది. అది కొడుకు గొంతేనని అనుకుంది.

"చెయ్యి ఆగిందేం?" అని జద్దా గుడ్డ తడిమింది.

"ఏం లేదు జద్దా."

ఫర్జానా కళ్ళు తుడుచుకుంది. డబ్బాలోంచి రషీద్ దారం తీసి, గుడ్డ మీద పరిచి ఇంకోసారి కొలిచింది. సరిగ్గానే ఉంది.