వెల్లకిలా అతికిన ఊరు

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. అందుకని బడికి పంపలేదు. డ్రాయింగు మాస్టారైన నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన చెక్క మీద బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవారు. కాగితం మీద అక్షరం సరిగ్గా పడాలంటే చెక్క మీద తిరగబడి ఉండాలి. ఆయన పక్కనే కూర్చుని నేను అ ఆలు రెండు వైపులా దిద్దుకున్నాను.

నాకు పదేళ్లు నిండిన ఏడు నాన్నకు చూపు మందగించింది. ఇక ఉలి పట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. "ఈ ఒక్కటీ చెక్కి మానేస్తాను" అన్నారు నాన్న. బొమ్మలో ఉండేది చర్చి గోపురం మీది నుంచి కనిపించే సికింద్రాబాద్, అందులో మా మారేడ్‌పల్లి. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ మెట్లెక్కలేదు కనుక, ఊరినే కిందికి దించి ఆమె చేతికిస్తానన్నారు.

"దించండి. మనింటి మీద ఏ పెంకు జారిందో చూసుకుంటాను" అంది అమ్మ.

బొమ్మ గీసిన కాగితాన్ని చెక్క మీద బోర్లా అతికించి, గీతల వెంట చెక్కాలి. మూడు నెలలు పట్టింది. చివర్న కాగితం గీకేసి, అడుగున ఊరి పేరు మాత్రం అలవాటు చొప్పున తిరగేసి చెక్కారు.

అచ్చు తీసే రోజు ఉదయం చెక్క తుడవమని నాకిచ్చారు. తుడుస్తూ ఆగిపోయాను. రోడ్డుకు ఎడమ పక్కన మా ఇల్లు, నిజంగా ఉన్నట్టే ఉంది. చెక్క మీద సరిగ్గా ఉందంటే అచ్చులో తిరగబడుతుంది. నాన్న కాగితాన్ని వెల్లకిలా అతికించారు!

"దుమ్ముందా తల్లీ?" సిరా కలుపుతూ అడిగారు.

"లేదు నాన్నా."

ప్రభువా, ఇది ఎవరి కంటా పడకుండా చెయ్యి అని లోపల్లోపలే వేడుకున్నాను. అంతలో చర్చి కావలి తాత వచ్చాడు. నాన్నను మోచెయ్యి పట్టుకుని గోపురం ఎక్కించింది అతనే. మా పేటలో ప్రతి కప్పూ అతనికి తెలుసు.

"షురూ చేసిన్రా సారూ?"

నాన్న సన్నటి కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దారు. కాగితం లేచింది. నల్లని కప్పులు, చెట్లు, గోడలు, ఎంత ముద్దుగా ఉన్నాయో!

అమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది. "మనిల్లేదండీ?"

"రోడ్డుకు ఎడమ పక్కన చూడు."

అమ్మ వేలు ఎడమ పక్కంతా వెతికింది. తాత వంగి చూశాడు.

"గిదేంది సారూ! మీ ఇల్లు రోడ్డు దాటి పోయింది. లారీల గిట్ల ఎక్కించిన్రా?"

నాన్న కాగితాన్ని కళ్ల దగ్గరికి తీసుకున్నారు. ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగారు.

"తుడిచినప్పుడే చూశావు కదూ?"

తలూపాను. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, సిరా వైపు బయటికి ఉండేలా కిటికీ ముందు పట్టుకున్నాను. ఎండ కాగితంలోంచి ఇవతలికి వచ్చింది. వీధులన్నీ తమ చోటికి చేరాయి.

"అదిగో, నూతి పక్కన!" అంది అమ్మ. "పెంకులన్నీ ఉన్నాయండీ."

"గిప్పుడు మంచిగుంది" అన్నాడు తాత. "గని పేరు ఉల్టా అయింది బిడ్డా. గదెవరు సదువుతరు?"

"నేను చదువుతాను" అని చదివాను. "సికింద్రాబాద్."

నాన్న గట్టిగా నవ్వారు. సిరా ఆరాక దాన్ని అలాగే కిటికీ అద్దానికి అతికించారు. బడికి పంపనందుకు దేవునికి నేను మొదటిసారి స్తోత్రం చెప్పుకున్నది ఆ రోజే.