సమ్మక్క పక్కన ఇంకో పార్టీ

చిక్కడపల్లి కిషన్ రావుకు ఒక్కటే జబ్బు: ఏ తగువునూ ఇద్దరి మధ్య ఉండనివ్వడు. మూడో మనిషిని పార్టీగా చేర్చాకే మాట్లాడతాడు. ఒకప్పుడు ఆయన వేసిన దావా ఏళ్లు నడిచాక, చేర్చాల్సిన మనిషిని చేర్చలేదని కోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ ఇప్పటికీ ఇంట్లోవాళ్లకే తగులుతోంది.

పప్పు మాడిందని భార్య విద్యావతి కోడలిని గదమాయిస్తే, ఆయన వంటింటి గుమ్మంలో ప్రత్యక్షం.

"గిన్నె అమ్మిన కోఠి సేటును పిలువుండ్రి. ఆయన లేకుంటే తీర్పు చెల్లది."

"ముందు మిమ్మల్ని జేర్చాలె. పొయ్యి కాడ దాన్ని ముచ్చట్ల వెట్టిందెవరు?"

"జేర్చు. నేనేమన్న వద్దన్ననా?"

మనవరాలు సంయుక్త చిన్నప్పుడు పక్కింటి అద్దం పగలగొడితే, "బంతి కొనిచ్చింది నేను" అంటూ తనూ చెవులు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.

2012లో అసలు గండం వచ్చింది. అశోక్‌నగర్‌లో ఆయనకూ, తమ్ముడు కరుణాకర్‌కూ ఉమ్మడిగా ఒక మల్గీ, అంటే దుకాణం గది, ఉంది. అందులో సమ్మక్క అద్దెకు ఉండి మెస్ నడుపుతోంది. మల్గీ మొత్తం తనదేనని, ఆమెను ఖాళీ చేయించాలని కరుణాకర్ దావా వేశాడు. కోర్టు కాగితం అందిన రోజు సమ్మక్క సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది. పరీక్షలకు చదివే పిల్లలు నోరెత్తకుండా తిన్నారు.

తాత విని తలాడించాడు. "ఇందుల పార్టీలు తక్కువున్నరు."

సంయుక్త చేతులు జోడించింది. "తాతా, నీ కాళ్లు మొక్కుత, ఊకో. మెస్‌ల తిన్నోళ్లందరికీ సమన్లు పంపిస్తవా ఏంది? అక్క అసలే పరేషాన్‌ల ఉన్నది."

తాత చెప్పులేసుకుని నారాయణగూడలోని వకీలు దగ్గరికి వెళ్లొచ్చాడు.

వాయిదా రోజు కోర్టులో సంయుక్త గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. తాత లేవగానే కళ్లు మూసుకుంది.

"ఎవరిని చేర్చమంటారు?" అన్నాడు జడ్జి.

"నన్నే సార్. సగం నాది. ఖాళీ చేపియ్యాలని నాకు లేదు. నన్నూ ప్రతివాదిగ, సమ్మక్క పక్కన రాయుండ్రి."

జడ్జి సరేనన్నాడు. బయట కరుణాకర్ పట్టుకున్నాడు. "అన్నా, నా మీదికే వస్తున్నవా?"

"నీ మీదికి గాదురా. ఆమె పక్కకు."

సొంత అన్న మీద కేసు నడపడానికి మొహం చెల్లక కరుణాకర్ దావా వాపసు తీసుకున్నాడు. ఆ రోజు మెస్‌లో సమ్మక్క షుగర్ ఉన్న తాతకు గిన్నెడు సేమియా పాయసం పెట్టింది.

"గా అద్దం పగిలిన్నాడు నువ్వెందుకు జేరినవ్ తాతా?"

"ఒక్కదానివే నిలబడితే కాళ్లు వణుకుతయి బిడ్డా."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో విద్యావతి. ఆమె చూపు తాత చొక్కా మీది పాయసం మరక మీద ఆగింది.

"ఏందిది?"

తాత కాళ్లు నిజంగానే వణికాయి. సంయుక్త చెవులు పట్టుకుని ఆయన పక్కకు జరిగింది.

"నేను గూడ పార్టీనే నానమ్మా."