మూడో దెబ్బ

మా నాన్న చేపను చంపడానికి ఒక్క దెబ్బే వేసేవాడు. దానికోసం చింతకొమ్మతో చెక్కుకున్న పొట్టి కర్ర ఒకటి ఉండేది. గాలానికి పడ్డ కొరమీనును బండ మీద అదిమిపట్టి, కళ్ల వెనకాల ఒక్కటి వేస్తే చాలు, తోక వణికి ఆగిపోయేది. "దాన్ని హింస పెట్టకూడదమ్మాయ్. చంపితే చంపాలి, అంతే," అనేవాడు. అమ్మనూ నన్నూ కొట్టేటప్పుడు మాత్రం ఆ నియమం గుర్తుండేది కాదు.

నాన్న నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలకు కాపలా కాసేవాడు. పూత వచ్చిన దగ్గర్నుంచి ఆఖరి రసాలు దింపేదాకా తోటలోనే ఉండేవాడు. కోతుల మీదికీ చిలకల మీదికీ ఒడిసెలతో రాళ్లు విసిరీ విసిరీ కుడిచెయ్యి గట్టిపడిపోయింది. ఇంటికి వస్తే ఆ చేతికి పని కావాలి. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒకటి. అన్నం చల్లారితే ఒకటి. నేను పదో తరగతిలో ఉండగా స్నేహితురాలి ఇంట్లో చీకటి పడేదాకా ఉండిపోయానని సైకిలు చైనుతో కొట్టాడు. వీపు మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు చెంగు తల మీదుగా బాగా ముందుకు లాక్కునేది. అందరూ భక్తి అనుకునేవారు. చెంప మీద వాపు కనిపించకుండా ఉండడానికి అలా లాక్కునేదని నాకు తెలుసు.

అలాంటి మనిషి ఏటి ఒడ్డున ఇంకోలా ఉండేవాడు. నాకు గాలం నేర్పింది అక్కడే. తీగ చిక్కుపడితే తిట్టేవాడు కాదు. కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, గోటితో ఒక్కొక్క ముడీ విప్పేవాడు. నేను చేప పోగొట్టినా, "పోన్లే, అది నీకంటే పెద్దది," అని నవ్వేవాడు. చిన్నప్పుడు ఆ నవ్వు కోసమే అతని వెంట వెళ్లేదాన్ని. పెద్దయ్యాక ఎందుకు వెళ్లానంటే, చేపలంటే నాకు పిచ్చి పట్టింది. అంతకంటే గొప్ప కారణం లేదు.

చదువుకుని నూజివీడులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరాక, విజయవాడ నుంచి నాన్నకు రీలున్న ఫైబరు గాలం, రబ్బరు కప్ప తెచ్చిచ్చాను, అలాంటివే నాకూ కొనుక్కున్నాను. కప్ప అచ్చం కప్పలాగే ఉంటుంది, వీపు మీద రెండు కొక్కేలు దాక్కుని ఉంటాయి. "రబ్బరు ముక్కని తినడానికి కొరమీనుకేమన్నా పిచ్చా?" అన్నాడు. వారం తిరక్కుండానే వెదురు గాలాన్ని అటక మీద పడేశాడు. తామరాకుల అంచున కప్పను వేసి, చేతి మణికట్టు కొంచెం కొంచెం కదుపుతూ నీటి మీద నడిపించేవాడు. కొరమీను ఆకలితోనే కాదు, కోపంతో కూడా కొడుతుంది. ఆ దెబ్బకు నీళ్లు పగిలినట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు వింటే నాన్న ముఖం పిల్లవాడి ముఖంలా అయిపోయేది.

నేను చెప్పబోయేది ఒక తొలకరి ఆదివారం సంగతి. అప్పటికి తోటల్లో కాయ అయిపోయింది. అమ్మ చర్చికి వెళ్లింది. నాన్నా నేనూ నా స్కూటీ మీద మైలవరం దాటి కొండల్లోకి వెళ్లాం. అక్కడ ఏరు రెండు గుట్టల మధ్య ఇరుక్కుని వస్తుంది. రెండు వైపులా నల్లటి బండలు గోడల్లా లేచి ఉంటాయి. వాటి కింద మడుగులు. ఎండాకాలమంతా ఆ మడుగుల్లోనే తలదాచుకున్న కొరమీలు, కొత్త నీరు తగలగానే ఆకలితో, మదంతో లేస్తాయి.

మూడో మడుగు దగ్గర నాన్న కప్పకు దెబ్బ తగిలింది. గాలం వంగి కొస నీళ్లను తాకింది. చేప తిన్నగా మునిగిపోయిన చెట్టు మోడు వైపు లాగింది. "పోనివ్వను, నిన్ను పోనివ్వను," అని పళ్లు బిగించి గొణుగుతూ నాన్న వెనక్కి వంగాడు. అది నీళ్లలోంచి పైకి ఎగిరి, నోరు తెరిచి, తల విదిలించింది. మొసలి పిల్లలాంటి తల. రెండుసార్లు ఒడ్డుదాకా వచ్చి తిరగబడింది. చివరికి నాన్న దాన్ని బండ మీదికి ఈడ్చి, మోకాలితో అదిమి, కర్రతో ఒక్కటి వేశాడు. నా మోచేతి నుంచి వేళ్ల కొసలదాకా ఉన్నంతకంటే పొడుగుంది. బండంతా నెత్తురు, జిగురు. ఇద్దరం ఆయాసపడుతూ నవ్వుకున్నాం. కర్రను చేప పక్కనే పడేశాడు.

నా కప్ప ఆ మోడుకు తగులుకుని ఉంది. చీర కుచ్చెళ్లు దోపుకునే బాధ లేకుండా పంజాబీ డ్రెస్సులోనే వచ్చాను కాబట్టి, అలాగే నడుంలోతు నీళ్లలోకి దిగి కొక్కెం విడదీస్తున్నాను. అప్పుడు వచ్చాడు అతను. ముప్పై ఏళ్లుంటాయి. వీపున బ్యాటరీ, చేతిలో పొడుగాటి గొట్టం, దాని చివర ఇనుప రింగు. కరెంటు పెట్టి చేపలు పట్టేవాడు. నాకు నాలుగు బారల దూరంలో, మడుగు పైభాగాన బండ మీద నిలబడ్డాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆగు. అమ్మాయి నీళ్లలో ఉంది," అన్నాడు నాన్న.

"అయితే బయటికి రమ్మను, పెద్దాయనా."

"కొక్కెం తీసుకుని వస్తది. ఒక్క నిమిషం ఆగమంటున్నా."

"పొద్దున్నుంచీ ఈ ఏరంతా నువ్వే దున్నేశావ్. ఏరేమన్నా నీ అబ్బ సొమ్మా? అంత దూరం ఏం తగలదులే. చిన్న జిల్లు, అంతే." నవ్వుతూనే గొట్టాన్ని నీళ్లలో ముంచాడు.

మోకాళ్ల కింద కండలు ముడిపడిపోయాయి. దవడ బిగుసుకుంది. పళ్ల మధ్య నాలుక పడి తెగింది. అరుద్దామనుకున్నాను, నోరు తెరుచుకోలేదు. బోర్లా నీళ్లలో పడిపోయాను. చేతులు ఉన్నాయి కానీ నావి కావు. మోకాళ్ల కింద ఇసుక తగులుతోంది, లేవలేను. చచ్చిపోతున్నానని చాలా స్పష్టంగా అనుకున్నాను. అమ్మ ప్రార్థనలో ఉంటుంది, ఎవరు చెప్తారు, అనుకున్నాను.

ఉన్నట్టుండి ఆ బిగుతు వదిలింది. మోడు పట్టుకుని తల పైకెత్తాను. నోట్లోంచి నెత్తురు, ముక్కులోంచి నీళ్లు. కళ్లు తుడుచుకుని చూస్తే, నాన్న అప్పటికే ఆ బండ మీద ఉన్నాడు.

మొదట చెవి మీద కొట్టినట్టున్నాడు. అతను చెవి పట్టుకుని ఒరిగిపోయాడు. నాన్న గొట్టాన్ని లాగితే తీగలు తెగి వేలాడాయి. ఆ గొట్టంతోనే కొట్టడం మొదలుపెట్టాడు. అతను అడ్డం పెట్టుకున్న చెయ్యి ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. ఆ శబ్దం నాకు నీళ్లలోకి వినిపించింది. "బాబోయ్, వదిలెయ్ పెద్దాయనా, తప్పయిపోయింది," అని అరుస్తున్నాడు. నాన్న ఆపలేదు. గొట్టం వంగిపోతే పారేశాడు. జుట్టు పట్టుకుని బండ అంచుకు ఈడ్చి, తల నీళ్లలో ముంచి, వీపు మీద మోకాలు పెట్టాడు. కొరమీనును అదిమినట్టే.

ఆ ముఖాన్ని నేను ఎప్పుడూ కింద నుంచే చూశాను, నేల మీద పడి ఉండి. పక్క నుంచి చూడడం అదే మొదటిసారి. అందులో కోపం కూడా లేదు. పని చేసుకుంటున్న మనిషి ముఖంలా ఉంది.

"నాన్నా! వదులు! చచ్చిపోతాడు!"

వినిపించలేదు. నేను పాకుతూ ఒడ్డెక్కాను. అతని కాళ్లు బండను తన్నుతున్నాయి. తరువాత తన్నడం తగ్గింది. చేప పక్కన చింతకర్ర కనిపించింది. తీసుకుని వెళ్లి, నాన్న కుడిభుజం మీద కొట్టాను.

ఉలకలేదు. రెండోసారి నా బలమంతా పెట్టి అక్కడే కొట్టాను. చేతి పట్టు జారింది. జుట్టు వదిలేసి, వెనక్కి కూలబడి, నా వైపు తిరిగాడు. నన్ను చూసి, "లేచావా అమ్మా," అన్నాడు. గొంతులో ఎంత ఆనందమో.

అయినా మూడో దెబ్బ వేశాను. నాన్న అతన్ని వదిలెయ్యడం చూశాను, నాతో మాట్లాడడం విన్నాను, అయినా వేశాను. లోపల ఎముక చిట్లడం కర్రలోంచి నా అరచేతికి తెలిసింది.

నాన్న చెయ్యి ఎత్తలేదు. నా వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు.

కర్ర పారేసి ఆ కుర్రాణ్ని నీళ్లలోంచి లాగాను. ఊపిరి లేదు. పెదాలు నీలంగా అయిపోయాయి. నేర్చుకున్నదంతా చేశాను: నోట్లో బురద తీశాను, తల వెనక్కి వంచి నోటితో ఊదాను, ఛాతీ మీద నొక్కాను. నా నాలుకలోని నెత్తురు అతని ముఖమంతా అంటుకుంది. "ఊపిరి తీస్కో, తీస్కోరా," అని తిడుతూనే నొక్కాను. చాలాసేపటికి అతని ఒళ్లు ఎగిరిపడింది; నీళ్లు కక్కి, దగ్గి, ఏడవడం మొదలుపెట్టాడు.

బ్యాటరీ అక్కడే వదిలేసి, అతని విరిగిన చేతిని నా చున్నీతో కట్టాను. నాన్న అతన్ని ఎడమభుజం మీద వేసుకుని దిగాడు. కుడిచెయ్యి వేలాడుతోంది. స్కూటీ మీద అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని మైలవరం వెళ్లాం. దారిలో అతను నా వీపుకు తల ఆనించి, "నేను చావనుగా అక్కా?" అని అడుగుతూనే ఉన్నాడు. "చావవు, నోరు మూసుకో," అన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, "బండ మీద జారిపడ్డానండీ," అన్నాడతనే. కరెంటుతో చేపలు పట్టడం నేరమని అతనికి తెలుసు. డాక్టరు అతని ముఖం, నాన్న భుజం, నా నోరు మార్చి మార్చి చూసి, "ముగ్గురూ ఒకే బండ మీద జారారా?" అన్నారు. నాన్న భుజానికీ కట్టు కట్టించాం.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. నాన్న చొక్కా విప్పించి, కట్టు చుట్టూ నల్లగా కమిలిన చోట వేళ్లు పెట్టి చూసింది.

"ఎవరు కొట్టారు?"

"నీ కూతురు."

అమ్మ ఇంకాసేపు చూసింది. "గట్టిగానే కొట్టింది," అని లోపలికి వెళ్లి అన్నం పెట్టుకొచ్చింది. ఆ పూట అన్నం మెత్తగా, నీళ్లోడుతూ ఉంది. నాన్న ఎడమచేత్తో తినలేక ఒలకబోసుకుంటుంటే అమ్మ కలిపి నోట్లో పెట్టింది. జాలితో కాదు, తొందరగా గిన్నెలు కడుక్కోవాలని.

కట్టు కట్టాక చాలా రోజులు నాన్న నాతో మాట్లాడలేదు. ఒకరోజు కట్టు మారుస్తుంటే గోడ వైపు చూస్తూ అడిగాడు.

"మొదటి రెండూ ఆ కుర్రాడి కోసం. అది నాకు తెలుసు. మూడోది ఎవరి కోసమే? మీ అమ్మ కోసమా?"

"కాదు. నాకోసం."

"ఊఁ," అన్నాడు. కట్టు వైపు చూసుకుని, "నువ్వు నీళ్లలో పడిపోతే నాకు పిచ్చెక్కిపోయింది," అన్నాడు.

"తెలుసు నాన్నా. కానీ నీకు పిచ్చెక్కడానికి నేను నీళ్లలో పడక్కర్లేదు. కూరలో ఉప్పు చాలు."

కట్టు బిగించి ముడి వేశాను. నేను అన్న మాటకు బాధపడలేదు, ఇప్పటికీ పడడం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టక, అరచేతిని చీరకు తుడుచుకుంటూనే ఉన్నాను. అది వేరే సంగతి.

నాన్న చెయ్యి భుజం కంటే పైకి లేవదు ఇక. తోట కాపలా మానేశాడు. అమ్మను కొట్టడం మానేశాడా అంటే, చెయ్యి లేవక మానేశాడో, మనసు లేక మానేశాడో నేను చెప్పలేను. తిట్లు మాత్రం తగ్గలేదు. నేను డ్యూటీలో ఉండగా ఒకసారి ఎడమచేత్తో కంచం విసిరాడు. అమ్మ వంగి తప్పించుకుని, "అమ్మాయికి ఫోన్ చెయ్యనా?" అని అడిగిందట. నాకు చెప్పి చాలాసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ కుర్రాడు హనుమాన్ జంక్షన్‌లో పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. ఒక చెవి సరిగ్గా వినిపించదు. గాలి కొట్టించుకోవడానికి ఆగితే నన్ను గుర్తుపట్టాడు. విరిగి అతుక్కున్న చెయ్యి కొంచెం వంకరగా ఉంది. "పెద్దాయన ఎలా ఉన్నారక్కా?" అన్నాడు. బాగానే ఉన్నాడన్నాను. "నిజంగా ఆ దూరానికి తగలదనుకున్నానక్కా," అన్నాడు తల దించుకుని. నమ్మాలో లేదో తేల్చుకోలేక, టైరు వైపు చూస్తూ నిలబడ్డాను.

మళ్లీ తొలకరికి నాన్నే అడిగాడు, "ఏటికి పోదామా?" అని. వెళ్లాం. కుడిచెయ్యి లేవదు కాబట్టి ఎడమచేత్తో, నడుం పక్కగా విసరడం మొదలుపెట్టాడు. మొదటిసారి కప్ప వెళ్లి తుమ్మచెట్టు ఎక్కింది. రెండోసారి అతని కాళ్ల దగ్గరే పడింది. ఏటి దగ్గర ఎప్పుడూ తిట్టని మనిషి, గాలాన్నీ చెట్టునూ నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను అవతలి బండ మీద, ఒక గాలం దూరంలో నిలబడి నా కప్పను నడిపించుకుంటున్నాను. సహాయం చెయ్యనా అని అడగలేదు, అతనూ పిలవలేదు. ఎండ బండల మీదికి వచ్చేసరికి, అతని కప్ప ఎలాగో వెళ్లి తామరాకుల అంచున పడింది. "చూశావా?" అని అరిచాడు.

"చూశాను. తీగ బిగించు," అన్నాను.