వెల్డర్ భార్య కళ్లు

గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే ఆ వెల్డర్ని వీధిలో అందరూ మేస్త్రీ అనేవారు. అతను అతుకు వేస్తే వేలితో తడిమినా తెలియదని పేరు. అతని కుడిభుజం భార్యే. ఆమె ఇనుప చువ్వను కదలకుండా పట్టుకుంటే, అతను అతికేవాడు. షెడ్డులో నల్లద్దం ముసుగు ఒక్కటే ఉండేది, అది అతని ముఖానికే.

"నువ్వు అటు తిరుగు, చాలు" అనేవాడు. ఆమె తిరిగేది. చువ్వ వెంట్రుకవాసి జరిగితే మాత్రం "కళ్లెక్కడ పెట్టుకున్నావ్?" అని కసిరేవాడు. అందుకని చూడక తప్పేది కాదు. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టుందంటే, "ఈ పనిలో మామూలే. చన్నీళ్లతో కడుక్కో" అనేవాడు.

ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు ఆమె రంగు వేసిన గేటు మీద అక్కడక్కడా ఇనుము కనిపిస్తోంది. గేటు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల ముందే అతను "గుడ్డిదానివా?" అన్నాడు. ఆమె బ్రష్ కింద పెట్టి, "అవుననే అనిపిస్తోందండీ" అంది మెల్లగా.

మర్నాడే కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

"శుక్లాలు" అంది డాక్టరమ్మ. "కంటిలో చిన్న కటకం ఉంటుంది. దాన్నిండా ప్రోటీన్లే. లోపలివి పుట్టినప్పటివి, మళ్లీ కొత్తవి రావు. అవి పొందిగ్గా మడతపడి ఉన్నన్నాళ్లూ వెలుతురు తిన్నగా లోపలికి పోతుంది. వెల్డింగ్ వెలుగులో ఉండే అతినీలలోహిత కాంతి ఏళ్ల తరబడి పడితే అక్కడ ఆక్సిజన్ చెడ్డ రూపమెత్తుతుంది. ఇనుముకు తుప్పు పట్టించేదీ ఆక్సిజనేగా? ఇక్కడ ప్రోటీన్ల మడతలు విప్పేస్తుంది. విడిపోయినవి ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. గుడ్డులో సొన ఉడికి తెల్లబడినట్టు."

"మళ్లీ మామూలవదా అండీ?" అన్నాడు మేస్త్రీ.

"ఉడికిన గుడ్డు పచ్చిదవుతుందా? శుక్లాలు వయసు వల్లా వస్తాయి. కానీ ఈవిడకు నలభై ఆరేగా. ఏమ్మా, ముసుగు పెట్టుకునేదానివి కాదా?"

మేస్త్రీ తల దించుకున్నాడు.

"ఉండేదండీ. నేనే మర్చిపోయేదాన్ని" అంది భార్య.

ఆమె కసిరినా బాగుండేది. ఆమె తనను కాపాడటానికి అబద్ధమాడుతుంటే అతనికి తలెత్తబుద్ధి కాలేదు. చీటీ అందుకుని గుమ్మం దాకా వెళ్లాడు. బయట బెంచీ మీదివాళ్లు వింటున్నారని తెలిసీ వెనక్కి తిరిగాడు.

"ఆవిడ మర్చిపోలేదు డాక్టరుగారూ. నేనెప్పుడూ ఇవ్వలేదు."

భార్య అతని చొక్కా అంచు పట్టుకుని బయటికి నడిపించింది.

రెండు నెలల తేడాతో రెండు కళ్లకూ ఆపరేషన్ జరిగింది. మబ్బుపట్టిన కటకాలు తీసి కొత్తవి అమర్చారు. చూపు వచ్చింది. ఆమె ఇప్పుడు షెడ్డు ముందు గదిలో కొలతలు రాసుకుంటుంది, బేరాలు చూసుకుంటుంది. లోపల చువ్వల్ని పట్టి ఉంచడానికి మేస్త్రీ రెండు ఇనుప బిగింపులు కొన్నాడు. మర తిప్పితే అవి చువ్వను వెంట్రుకవాసి కూడా కదలనివ్వవు.

"ఇవి కొత్తగా వచ్చాయా?" అని ఆమె అడిగింది.

"లేదు" అన్నాడతను. "మన పెళ్లికి ముందునుంచే ఉన్నాయి."