పుట్టింట్లో తగ్గే జబ్బు

మా బామ్మకు దేవుడి మీద ఎంత భక్తో, కోడలి మీద అంత అనుమానం. ఆ రెండూ కలిసి మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చాయని ఇప్పుడు కోపంగా అంటున్నాను గానీ, బామ్మ మాత్రం పాపం, కావాలని చేసిందేమీ లేదు.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో శనివారం రాత్రి అన్నం మానేసేవాళ్ళంతా బియ్యపు నూకతో ఉప్పుడుపిండి చేసుకునేవారు. మా బామ్మ ఒప్పుకునేది కాదు. బియ్యం విరిగితే మాత్రం బియ్యం కాకుండా పోతుందా అనేది. అందుకని మా ఇంట్లో ఉపవాసం రాత్రి గోధుమనూకే. యుద్ధం రోజుల్లో బియ్యానికి కటకటై రేషనులో గోధుమలు పోసినప్పుడు ఊరంతా మొహం చిట్లిస్తే, మా బామ్మ ఒక్కతే సంతోషించింది.

అమ్మకు ఎప్పుడూ కడుపుబ్బరం, విరేచనాలు. వాటిని మించింది దిగులు. పొయ్యి మీద ఎసరు ఇగిరిపోతున్నా లేచేది కాదు. జడ వెయ్యమని వెళితే దువ్వెన పట్టుకుని అలాగే కూచునేది, కళ్ళనీళ్ళు కారుతుండేవి. ఎందుకమ్మా అంటే తెలీదనేది. ఊళ్ళో వైద్యుడుగారు చూర్ణాలిచ్చి, బార్లీ జావ పట్టమన్నారు. బామ్మ గ్రహాలు బాగాలేవని శనివారానికి ఏకాదశి చేర్పించింది, తరవాత సోమవారం కూడా చేర్పించింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. అమ్మ మంచం పట్టింది.

నాన్నగారు ఆవిణ్ణి ఆత్రేయపురంలో పుట్టింట దిగబెట్టారు. అక్కడ మా అమ్మమ్మ పూతరేకులు తీసేది. ఆవిడకు నియమాలు తక్కువ, ముద్దు ఎక్కువ. ఒంట్లో బాగాలేనిదానికి ఉపవాసాలేమిటని కూతురికి రెండు పూటలా మెత్తటి అన్నం పెట్టేది. మరీ పట్టుబడితే శనివారం ఉప్పుడుపిండి. వేసవి సెలవులకు నేను వెళ్ళేసరికి అమ్మ బుగ్గలు నిండి, రేకులు మడుస్తూ పక్కింటావిడతో నవ్వుతోంది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

ఇంటికి తీసుకొచ్చాం. కొన్నాళ్ళకే మళ్ళీ అదే దిగులు. మళ్ళీ పుట్టింటికి పంపితే మళ్ళీ తగ్గింది, తిరిగొస్తే తిరగబెట్టింది. అప్పుడు బామ్మ నాన్నగారితో ఆ మాట అంది.

"జబ్బయితే ఏ ఇంట్లో ఉన్నా జబ్బేరా. గడప మారితే తగ్గే జబ్బెక్కడైనా ఉందా? ఇది కాపరం ఇష్టంలేని నాటకం."

నాన్నగారు నమ్మారు. ఊరు కూడా నమ్మింది. ఈసారి అమ్మను పుట్టింట దిగబెట్టినవారు మళ్ళీ తీసుకురాలేదు. చదువు కోసమని నన్ను తన దగ్గరే ఉంచుకున్నారు. నాకు తల్లి వేసవి సెలవుల్లోనే ఉండేది.

అలాంటి ఒక వేసవిలో, పొయ్యి మీద బోర్లించిన కుండ మీంచి రేకు తీస్తూ, అమ్మ నా వంక చూడకుండా అంది.

"నేను నటించలేదనే అనుకుంటున్నానే. కానీ ఇక్కడికొస్తే నిజంగానే బాగుంటోంది. మీ బామ్మగారన్నదే నిజమేమో, నాకే తెలీడం లేదు."

ఆ అనుమానంతోనే బతికింది, ఆ అనుమానంతోనే పోయింది.

అరవై దాటాక నాకూ కడుపు చెడింది. థైరాయిడ్ వచ్చింది. ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చేది. ఎక్కడెక్కడో తిరగ్గా చివరికి ఒక డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఇది సీలియాక్ అంది. గోధుమ, బార్లీ తింటే ఒంట్లో ఉన్న రక్షణ శక్తే తిరగబడి పేగును పాడుచేస్తుందట. దానికి థైరాయిడ్ తోడవచ్చట, మనసూ కుంగవచ్చట. అవి మానేస్తే చాలామందికి నెమ్మదిస్తుందట. మరి అన్నమో అని అడిగాను. అన్నం నిక్షేపంలా తినమంది.

అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ నాకు జబ్బంటే భయమేసిందనుకుని ధైర్యం చెప్పింది. మా ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బుందా అని అడిగింది.

"మా అమ్మకుండేదండీ," అన్నాను. "ఆవిడ నటించలేదు."