పల్లంలో న్యూట్రల్

ఒకప్పుడు లారీ నడిపిన ఆ పెద్దాయనకు పల్లం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఆటోమేటిక్ కారైనా సరే, గేరు న్యూట్రల్‌లోకి తోసేస్తాడు. కాయలు కాసిన అరచెయ్యి ఆ గేరు రాడ్డు మీదే ఉండిపోతుంది. భార్య పక్కన కూర్చున్నన్నాళ్ళూ ఆ చేతి మీద చురుక్కుమనేలా ఒక్కటి వేసి, “మళ్ళీ మొదలెట్టారా? ఇది మీ లారీ కాదు” అంటూ తనే గేరు వెనక్కి లాగేది.

ఆమె పోయిన తర్వాత మొదటిసారి నిన్న కూతురు ఆ సీట్లో కూర్చుంది.

“నాన్నా, ఇలా చేస్తే పెట్రోలేం మిగలదు. పైగా బండి పట్టు తప్పుతుంది.”

“తెలుసమ్మా. మీ అమ్మ చెబుతూనే ఉండేదిగా.”

“మరెందుకు చేస్తున్నావ్?”

కారు చప్పుడు లేకుండా జారుతోంది. పల్లం అయిపోయేదాకా ఆయన గేరు మీంచి చెయ్యి తియ్యలేదు. చేతి మీద దెబ్బ పడలేదు. చివరికి తనే గేరు వెనక్కి లాక్కున్నాడు.