అత్త రొమ్ము మీద పెరిగిన బిడ్డ

నాకు ఎనిమిదో నెల. ఒక పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి కళ్లు సగమే తెరుచుకున్నాయి. తల పగిలిపోతోంది. దొడ్లో గొర్రెపిల్లలు ఒక్కొక్కటి రెండుగా కనిపిస్తున్నాయి.

పదేళ్ల కిందట ఒక ఎండాకాలం అది. మాది నల్లమాడ దగ్గర గొర్రెల కాపరుల పల్లె. మేత లేక నా భర్త మందను తోలుకుని కర్ణాటక వైపు పోయి రెండు నెలలైంది. ఇంట్లో నేను, అత్త. పల్లెలో కాన్పులన్నీ ఆమే చేసేది.

"నీరు పట్టినట్టుండాది లేమ్మా, కడుపుతో ఉన్నోళ్లకు మామూలే," అంది.

ఆ రోజే టీకాలకు వచ్చిన నర్సమ్మ నా బీపీ చూసింది. నమ్మలేనట్టు మళ్లీ చూసింది.

"అవ్వా, ఈమెకు ఫిట్స్ వచ్చేలాగుండాది. ఇప్పుడే అనంతపురం పోవాల."

"నా కొడుక్కు చెప్పకుండా యాడికి పంపేది?"

"నీ కొడుకు వచ్చేదాకా నీ కోడలు బతికుంటాదా?"

అత్త నా ముఖంలోకి చూసింది. రోడ్డు మీదికి పోయి, టమోటా గంపలతో పోతున్న జీపుకు అడ్డం నిలబడింది.

ఆసుపత్రికి చేరగానే ఫిట్స్ వచ్చాయట. నాకు గుర్తులేదు. ఫిట్స్ ఆగేందుకు మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇచ్చి, సిజేరియన్ చేసి ఆడపిల్లను తీశారు. ఒకటిన్నర కిలో కూడా లేదు.

"బిడ్డను ఒంటికి ఒళ్లు ఆనించి పెట్టుకోవాల. దానికదే మందు," అంది డాక్టరమ్మ. నా బీపీ దిగలేదు. కూర్చోలేను.

"నేను పెట్టుకుంటా," అంది అత్త. రవిక తీసి, పాపను రొమ్ము మీద ఆనించుకుని, చీరతో చుట్టుకుంది. నర్సులు నా పాలు పిండి చెంచాతో పట్టేవాళ్లు.

ఐదో రోజు పాప ఊపిరి ఆగిపోయింది. "రాండమ్మా, బిడ్డ కదలడం లేదు!" అని అత్త అరిచింది. నర్సు పరుగున వచ్చి పాప వీపు, అరికాళ్లు రుద్దింది. పాప సన్నగా ఏడ్చింది. అప్పటినుంచి అత్త పడుకోవడం మానేసి గోడకు ఆనుకుని కూర్చునేది.

ఒక మధ్యాహ్నం మెల్లగా అంది: "ఇట్లా ముఖం ఉబ్బినోళ్లు ముగ్గురు నా చేతుల్లోనే పోయినారు. దేవుడు తీసుకుపోయినాడనుకుంటి."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

నెలకు ఇంటికి వచ్చాం. పాప ఇప్పుడు ఐదో తరగతి. నేను రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను. అత్త కాన్పులు చేయడం మానేసింది. పల్లెలో ఎవరికి నెలలు నిండినా వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోతుంది.

మీ ఇంటి మగవాళ్లు మందతోనో, కూలికో దూరం పోతుంటే, వాళ్లు గడప దాటకముందే ఒక్క మాట చెప్పి ఒప్పించండి: అవసరం వస్తే మిమ్మల్ని అడగం, ఆసుపత్రికి బయల్దేరతాం.